హిస్టారిక్, హిస్టారికల్: పునరుత్థాన ప్రకటనలో రెండు మాటలపై ఒక విమర్శ

ఉపోద్ఘాతము

మన వేదాంత కళాశాలలలో విద్యార్థులు చదివే గ్రంథములలో అధికభాగము ఆంగ్లములో ఉన్నవి. వారు ప్రసంగించేది, బాప్తిస్మమునకు సిద్ధపడేవారికి పాఠములు చెప్పేది మాత్రము తెలుగులో. చదివిన భాష నుండి చెప్పే భాషకు మాటలను తెచ్చుకునేటప్పుడు కొన్ని అర్థములు దారిలోనే జారిపోతాయి. అట్లు జారిపోయిన వాటిలో ‘హిస్టారిక్’, ‘హిస్టారికల్’ అనే జంట పదముల భేదము ఒకటి. చూపునకు ఇవి ఒకే మాటకు రెండు రూపములవలె ఉంటాయి. మన వ్యాసములలోను, ప్రసంగములలోను రెండింటికీ ‘చారిత్రక’ అనో, ‘చారిత్రాత్మక’ అనో రాసి ముందుకు సాగిపోతున్నాము.

ఇది కేవలము పదకోశమునకు సంబంధించిన విషయమైతే ఈ పత్రికలో చర్చించవలసిన అవసరము ఉండదు. అయితే గత నూరు సంవత్సరములకు పైగా క్రీస్తు శాస్త్రములో జరిగిన ఒక పెద్ద వివాదము ఈ రెండు మాటల మీదనే నిలిచి ఉన్నది. యేసు మృతులలోనుండి లేచెనని మనము ప్రకటించినప్పుడు, ‘అది జరిగినది’ అని చెబుతున్నామా, ‘అది గొప్పది’ అని మాత్రమే చెబుతున్నామా అన్నది ఈ భేదములోనే ఉన్నది. కనుక ఈ రెండు మాటలను విడివిడిగా పరిశీలించి, తెలుగులో వాటిని వాడుతున్న తీరును విమర్శించి, కొన్ని సూచనలు చేయుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

1. ఆంగ్లములో ఈ రెండు మాటలు

రెండు పదములకు మూలము ఒకటే. గ్రీకు భాషలోని ‘హిస్టోరియా’ అనగా విచారణ, విచారించి తెలిసికొన్నది. పాత ఆంగ్ల రచనలలో ఈ రెండు రూపములను ఒకదానికి బదులుగా మరొకటి వాడినవారు ఉన్నారు. కాలక్రమమున వాటి పని వేరైనది. 1926లో ఫౌలర్ రచించిన ఆంగ్ల వాడుక నిఘంటువు కూడ ఈ భేదమును ప్రత్యేకముగా పేర్కొన్నది. ‘హిస్టారికల్’ అనగా చరిత్రకు సంబంధించినది, గతములో ఉన్నది లేక జరిగినది. ‘హిస్టారిక్’ అనగా చరిత్రలో ప్రాముఖ్యత పొందినది, లేక చరిత్ర పొడుగునా నిలిచి వచ్చినది.

ఉదాహరణకు యెహోషువ మొదలుకొని ఎస్తేరు వరకు ఉన్న పన్నెండు పుస్తకములను ‘హిస్టారికల్’ గ్రంథములంటాము. ‘హిస్టారికల్ క్రిటిసిజం’ అనగా చారిత్రక విమర్శ పద్ధతి. దానిని ‘హిస్టారిక్ క్రిటిసిజం’ అని రాస్తే, లోకము మరచిపోలేని విమర్శ అని అర్థము మారిపోతుంది. అట్లే వెయ్యేండ్ల పరిపాలన విషయములో ‘హిస్టారిక్ ప్రీమిలీనియలిజం’ అనే మాట ఉన్నది. జస్టిన్ మార్టర్, ఐరేనియస్ వంటి ఆదిసంఘ బోధకుల కాలము నుండి వచ్చిన అభిప్రాయమని దాని భావము. పందొమ్మిదవ శతాబ్దములో వ్యాపించిన యుగవిభజన సిద్ధాంతము నుండి దానిని వేరుపరచుటకే ఆ విశేషణము పెట్టబడినది. ఇక్కడ ‘హిస్టారిక్’ అనే మాట గతించిపోయిన దానిని సూచించదు. నేటికీ కొనసాగుచున్న దానిని సూచిస్తుంది.

ఈ భేదమును గొల్గొతా మీద స్పష్టముగా చూడవచ్చును. ఆ దినమున ముగ్గురు సిలువ వేయబడిరి. మూడును ‘హిస్టారికల్’ మరణములే. హేరోదు చనిపోయిన తరువాత చెలరేగిన అల్లర్లలో రోమా అధిపతి వారస్ సుమారు 2,000 మందిని సిలువ వేయించెనని యూదా చరిత్రకారుడు జోసీఫస్ తెలుపుచున్నాడు. అవియు జరిగిన మరణములే. వారి పేర్లు కూడ మనకు తెలియవు. ఇన్ని సిలువ మరణములలో ‘హిస్టారిక్’ అయినది ఒక్కటే. కనుక జరిగినదంతా చరిత్రకెక్కదు. అయితే చరిత్రకెక్కినదంతా జరిగినదేనా? ఈ రెండవ ప్రశ్నయే అసలు చిక్కు.

2. జర్మన్ భాషలోని జంట

వేదాంతములో ఈ ఆంగ్ల పదములకు వచ్చిన బరువు జర్మన్ భాష నుండి వచ్చినది. జర్మన్‌లో చరిత్రకు రెండు మాటలున్నవి. ‘హిస్టోరీ’ అనునది గ్రీకు మూలము గలది. ‘గెషిష్టె’ అనునది ‘జరుగుట’ అనే అర్థముగల దేశీయ ధాతువు నుండి పుట్టినది. వాడుకలో ఈ రెండును ఒకే అర్థములో వచ్చినను, వేదాంతులు వాటిని వేరుచేసిరి.

హాలె విశ్వవిద్యాలయములో బోధించిన మార్టిన్ కేలర్ 1892లో ఒక చిన్న గ్రంథమును ప్రచురించెను. 1964లో కార్ల్ బ్రాటెన్ దానిని ఆంగ్లమునకు అనువదించినప్పుడు, గ్రంథనామములోనే యేసుకు ‘హిస్టారికల్’ అనియు, బైబిలు క్రీస్తుకు ‘హిస్టారిక్’ అనియు విశేషణములు పెట్టవలసి వచ్చెను. ‘హిస్టారికల్ యేసు’ అను మాటకు ముందు ‘అనబడిన’ అను అర్థమిచ్చు మాట కూడ ఉన్నదని గమనించవలెను. కేలర్ నజరేతువాడైన యేసును సందేహించలేదు. ఆనాటి పండితులు సువార్తలను విడదీసి, తమ ఊహలతో అతికించి, రచించిన జీవిత చరిత్రలలోని యేసునే ఆయన సందేహించెను.

కేలర్ అట్లు రాయుటకు కారణమున్నది. రైమారస్ వ్రాతలను లెస్సింగ్ 1774 నుండి 1778 వరకు ప్రకటించినది మొదలు, 1835లో స్ట్రాస్ రచించిన యేసు జీవిత గ్రంథము మీదుగా, ఆ శతాబ్దమంతా యేసు జీవిత చరిత్రలు వెల్లువగా వచ్చెను. ఒక్కొక్క పండితుడు ఒక్కొక్క యేసును చూపించెను. ఆల్బర్ట్ ష్వైట్జర్ 1906లో ఆ ప్రయత్నములన్నిటిని సమీక్షించి, వారు తమ కాలపు ఆదర్శములనే యేసుకు తొడిగిరని చూపించెను. అంతకు 14 సంవత్సరముల ముందే కేలర్ అడిగిన ప్రశ్న కాపరికి సంబంధించినది: పండితులు ఏకాభిప్రాయమునకు వచ్చువరకు సామాన్య విశ్వాసి తన రక్షకుని కొరకు కనిపెట్టుకొని ఉండవలెనా? అపొస్తలులు ప్రకటించిన క్రీస్తే, సంఘములో నేటికీ పని చేయుచున్న క్రీస్తే నిజమైన క్రీస్తు అని ఆయన సమాధానము.

ఈ ఉద్దేశమును మేము గౌరవిస్తున్నాము. గ్రంథాలయము ఎన్నడూ చూడని విశ్వాసురాలి నమ్మకము ఆచార్యుల అనుమతి మీద ఆధారపడకూడదు. ఇంతవరకు కేలర్ చెప్పినది సంఘమునకు మేలు చేసినది.

3. భేదము వేర్పాటుగా మారుట

అయితే ఒక భేదమును చూపుట వేరు, దానిని గోడగా కట్టుట వేరు. రూడాల్ఫ్ బుల్ట్‌మన్ 1941లో ‘కొత్త నిబంధనయు పురాణభాషయు’ అనే విషయముపై చేసిన ప్రసంగములో ఈ భేదమును చాలా దూరము తీసికొనిపోయెను. ఆయన వాదములో సిలువ గత చరిత్రలోని సంఘటన. పునరుత్థానము మాత్రము అట్టి సంఘటన కాదు. చరిత్రకారునికి అందునది శిష్యులలో కలిగిన విశ్వాసము మాత్రమే. క్రీస్తు ప్రకటనలో లేచి, వినువానిని నిర్ణయమునకు పిలుచుచున్నాడని ఆయన బోధ. అనగా పునరుత్థానము ‘హిస్టారిక్’ అగును గాని ‘హిస్టారికల్’ కాదు.

దీనిలోని లోపమును మొదట ఎత్తి చూపినవారిలో ఆయన శిష్యులే ఉన్నారు. ఎర్నెస్ట్ కేజ్‌మన్ 1953లో చేసిన ప్రసంగములో, మహిమపొందిన ప్రభువునకును భూమిపై నడిచిన యేసునకును ఉన్న బంధమును తెంచివేసినయెడల సంఘము డొసెటిజములో పడునని హెచ్చరించెను. డొసెటిజమనగా క్రీస్తు శరీరధారియైనట్లు కనిపించెనేగాని నిజముగా కాలేదను తప్పుబోధ. యోహాను మొదటి పత్రిక ఆరంభములోనే, విన్నది, కన్నులార చూచినది, చేతులతో తాకినది అని చెప్పుటకు కారణము ఇట్టి బోధయే. పన్నెన్‌బర్గ్ 1964లో వెలువరించిన క్రీస్తు శాస్త్ర గ్రంథములో పునరుత్థానము చరిత్ర విచారణకు నిలువగలదని వాదించెను. ఎన్.టి. రైట్ 2003లో అదే విషయముపై బృహద్గ్రంథము వెలువరించెను. ఆంగ్లము చదువగల విద్యార్థులు ఈ ఇరుపక్షములను చదివిన తరువాతనే అభిప్రాయము ఏర్పరచుకొనవలెను.

ఇక్కడ మరియొక జాగ్రత్త అవసరము. ‘హిస్టారికల్ జీసస్’ అనే మాటకు శాస్త్రములో ఒక పరిమితమైన అర్థమున్నది. కథోలిక పండితుడు జాన్ మయ్యర్ 1991లో వెలువడిన తన గ్రంథము మొదటి సంపుటిలో దీనిని స్పష్టము చేసెను. చరిత్ర పరిశోధన సాధనములతో తిరిగి రాబట్టగలిగినంత యేసు ‘హిస్టారికల్’ యేసు. నిజముగా జీవించిన యేసు అంతకంటె ఎంతో అధికము. ఏ మనిషి విషయములోనైనను ఇంతే. మన తాతగారిని గూర్చి రెవెన్యూ దస్తావేజులలో దొరికే సమాచారము నిజమే, కాని ఆ దస్తావేజులే మన తాతగారు కారు. దస్తావేజులో లేనిదంతా అబద్ధమనుట ఎంత తప్పో, దస్తావేజు మాకక్కరలేదనుట కూడ అంతే తప్పు.

4. తెలుగులో ‘చరిత్ర’

ఇప్పుడు మన భాషకు వద్దాము. ‘చరిత్ర’ అనే మాటకు నడవడి, చేసిన పనులు, జీవిత కథ అని పాత అర్థములు. అందుకే పెద్దన ప్రబంధమునకు మనుచరిత్ర అనియు, రామరాజభూషణుని కావ్యమునకు వసుచరిత్ర అనియు పేర్లు వచ్చినవి. ఆ కథలు ఏ సంవత్సరములో జరిగినవని వాటిని చదువువారెవరూ అడుగరు. అడుగవలసిన అవసరము కూడ లేదు, అవి కావ్యములు. తరువాత బడి పుస్తకముల ద్వారా అదే మాటకు జరిగిన సంగతుల క్రమము అనే కొత్త అర్థము చేరినది. కనుక తెలుగు శ్రోత చెవిలో ‘చరిత్ర’ అనే మాట రెండు విధములుగా మ్రోగుతుంది. ‘యేసు చరిత్ర’ అన్నప్పుడు కొందరికి పుణ్యకథ వినిపిస్తుంది, మరికొందరికి జరిగిన సంగతి వినిపిస్తుంది.

విశేషణముల సంగతి మరింత చిక్కుగా ఉన్నది. చరిత్ర శబ్దమునకు ప్రత్యయము చేరి మొదటి అచ్చు దీర్ఘమైనప్పుడు ‘చారిత్రక’ అగుచున్నది, కొందరు ‘చారిత్రిక’ అని రాస్తారు. ‘ఆత్మక’ అనే మాటతో సమాసము చేసినప్పుడు మొదటి అచ్చు మారదు. ప్రయోగము నుండి ప్రాయోగికము, ప్రయోగాత్మకము అని రెండు రూపములున్నవి గాని ‘ప్రాయోగాత్మకము’ లేదు. అట్లే ‘చరిత్రాత్మక’ అనుట సరియైనది. పత్రికలలో విరివిగా కనిపించే ‘చారిత్రాత్మక’ అనే రూపమును భాషాభిమానులు ఆక్షేపించుట ఇందుకే. పైగా ‘ఆత్మక’ అనగా ఆ స్వభావము గలది. ఆ లెక్కన చరిత్రాత్మకమనగా చరిత్ర స్వభావము గలది. అది ‘హిస్టారికల్’ అనే మాటకే దగ్గర. కాని వాడుకలో ‘చారిత్రాత్మక విజయము’, ‘చారిత్రాత్మక నిర్ణయము’ అన్నప్పుడు జనులు గ్రహించేది ‘గొప్పది’ అని మాత్రమే.

మన క్రైస్తవ ప్రచురణలు, గోడపత్రికలు కూడ ఈ వాడుకనే అనుసరిస్తున్నవి. మూడు దినముల ఉజ్జీవ సభలు ఇంకా జరుగకముందే ‘చారిత్రాత్మక సభలు’ అని అచ్చు వేయుచున్నాము. జరుగని సభకే ఆ మాటను వాడిన తరువాత, ఈస్టరు ఉదయమున ‘యేసు పునరుత్థానము చారిత్రాత్మకమైనది’ అని ప్రసంగిస్తే సంఘము ఏమి గ్రహించును? పునరుత్థానము చాల గొప్పదని గ్రహించును. అది ఒకానొక ఆదివారమున, యెరూషలేము వెలుపల, ఒక సమాధి దగ్గర జరిగిన సంగతియని గ్రహించవలసిన అవసరము ఆ మాటలో లేదు.

దీనికి ఎదురు తప్పు కళాశాల నుండి వచ్చినవారు చేయుచున్నది. ‘చారిత్రక యేసు వేరు, విశ్వాసపు క్రీస్తు వేరు’ అని పరీక్షా పత్రములో రాసిన వాక్యమును యథాతథముగా ప్రసంగ వేదిక మీద పలికినయెడల, విన్నవారికి ఇద్దరు యేసులు వినిపిస్తారు. జరిగినవాడు ఒకడు, మనము ఆరాధించువాడు ఇంకొకడు అని వారు ఇంటికి తీసికొనిపోతారు. కేలర్ చెప్పదలచినది దీనికి సరిగా వ్యతిరేకము. అపొస్తలులు ప్రకటించిన క్రీస్తు తప్ప వేరొక యేసు మనకు లేడని ఆయన వాదించెను.

5. సంఘ రాజ్యాంగములో ఒక ఉదాహరణ

ఈ మాటలు మన ప్రాంత సంఘచరిత్రలో కూడ పని చేసినవి. 1888లో లాంబెత్ సభ క్రైస్తవ ఐక్యతకు ఆధారముగా అంగీకరించిన నాలుగు అంశములలో నాలుగవది ‘హిస్టారిక్ ఎపిస్కొపేట్’, అనగా బిషప్పు పరిచర్య. 1919లో తరంగంబాడిలో కూడుకొన్న భారతీయ సేవకులు ఐక్యతకై చేసిన ప్రకటనలో ఈ అంశము తిరిగి కనిపించును. వారిలో ప్రముఖుడు దోర్నకల్ బిషప్పు వి.ఎస్. అజరయ్య గారు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘము ఈ బిషప్పు పరిచర్యను రాజ్యాంగబద్ధమైన రూపములో అంగీకరించినది. దానికి ఏదో ఒక్క వ్యాఖ్యానమునకే కట్టుబడవలెనని సభ్యులను కోరలేదు.

ఇక్కడ ‘హిస్టారికల్’ అని ఉన్నయెడల, పూర్వము బిషప్పులుండిరి అనే సమాచారము మాత్రమే మిగులును. ‘హిస్టారిక్’ అనుటవలన తరతరములుగా వచ్చి నేడును కొనసాగుచున్న పరిచర్య అని అర్థము. దీనిని ‘చారిత్రక బిషప్పు పదవి’ అని అనువదించినయెడల పురావస్తు ప్రదర్శనశాలలోని వస్తువువలె ధ్వనించును. ‘చారిత్రాత్మక’ అనినయెడల పొగడ్తగా ధ్వనించును. ఈ రెండును కాని మూడవ అర్థమే ఐక్యత కోరిన పెద్దల మనస్సులో ఉన్నది.

6. పౌలు రెండింటిని కలిపి ఉంచిన విధము

ఈ విమర్శకు తీర్పరి లేఖనమే. మొదటి కొరింథీయులకు 15వ అధ్యాయములో పౌలు మొదట సాక్షుల పట్టికను ఇచ్చుచున్నాడు. కేఫా, పన్నెండుగురు, ఒక్కసారిగా ఐదువందలకు పైబడిన సహోదరులు, యాకోబు, అపొస్తలులందరు, చివరకు తాను. ఆ ఐదువందల మందిలో ఎక్కువమంది ఇంకను బ్రదికియున్నారని ఆయన తెలుపుట గమనింపదగినది. అడిగి తెలిసికొనుడని దాని భావము. ‘హిస్టోరియా’ అను గ్రీకు మాటకు విచారణ అని అర్థమని మొదట చెప్పితిమి. పౌలు ఆ మాటను వాడకపోయినను దానికి తలుపు తెరచియే ఉంచెను.

అంతట ఆగక, 14, 17 వచనములలో క్రీస్తు లేపబడనియెడల ప్రకటనయు విశ్వాసమును వట్టివని, మనమింకను పాపములలోనే ఉన్నామని తేల్చుచున్నాడు. పునరుత్థానము జరుగకపోయినను దాని ప్రభావము చాలునను మార్గమును ఆయన మూసివేసెను. ఇది మన కాలమునకు మిక్కిలి అవసరము. ఏలయనగా ప్రభావము సత్యమునకు రుజువు కాదు. జరుగని కథలు కూడ జనులను కదిలించినవి, రాజ్యములను మార్చినవి. క్రైస్తవ్యము లోకమంతట వ్యాపించినది కనుక పునరుత్థానము నిజమని వాదించే ప్రసంగీకుడు ‘హిస్టారిక్’ అనే దానితో ‘హిస్టారికల్’ అనే దానిని రుజువు చేయజూచుచున్నాడు. అదే వాదమును మరియొక మతస్థుడు తన మతమును గూర్చి వినిపించినయెడల అతనికి జవాబు ఉండదు.

లూకా సువార్తికుని పద్ధతియు ఇట్టిదే. 3వ అధ్యాయము ఆరంభములో తిబెరి కైసరు ఏలుబడి 15వ సంవత్సరమును, పొంతిపిలాతు అధికారమును పేర్కొని, సువార్తను కాలములోను స్థలములోను నాటుచున్నాడు. ఆదివారము ఆదివారము మనము ఒప్పుకొను విశ్వాసప్రమాణములో పిలాతు పేరు నిలిచియుండుటకు కారణము ఇదే. అతడు క్రీ.శ. 26 నుండి 36 వరకు యూదయను పాలించెను. రోమా చరిత్రకారుడు టాసిటస్ కూడ క్రీస్తు అతని చేత మరణశిక్ష పొందెనని రాసెను. 1961లో కైసరయలో అతని పేరు గల శిలాశాసనము దొరికినది. ఆ శాసనము ‘హిస్టారికల్’ వస్తువు. దానిని చూచి ఎవడును రక్షణ పొందడు. కాని మన విశ్వాసము శాసనములు దొరకగల లోకములో పుట్టినదని అది గుర్తుచేయును.

అయితే చరిత్ర రుజువు ఒక్కటే చాలునా? చాలదు. సమాధిని కావలి కాచినవారిలో కొందరు జరిగిన సంగతులు తెలిసియు రూకలు పుచ్చుకొని వేరు మాట చెప్పిరని మత్తయి 28వ అధ్యాయము తెలుపుచున్నది. సంగతి తెలిసినవారందరు విశ్వాసులు కారు. ఈ సంగతి నా నిమిత్తము జరిగినదను విశ్వాసమును పరిశుద్ధాత్మ కలుగజేయును. కేలర్ కాపాడదలచినది ఈ సత్యమునే. బుల్ట్‌మన్ నొక్కి చెప్పినది కూడ ఇదే. వారు పట్టుకొన్నది సత్యమే. అయితే ఆ సత్యము నిలుచుటకు క్రింద నేల ఉండవలెను. ఆ నేల జరిగిన సంగతి.

7. కొన్ని సూచనలు

మొదటిది, ‘హిస్టారికల్’ అనే మాట సంఘటన విషయములో వచ్చినప్పుడు ‘చరిత్రలో జరిగిన’ అని విప్పి చెప్పుట మేలు. శాస్త్ర పరిభాషలో ‘చారిత్రక విమర్శ’, ‘చారిత్రక గ్రంథములు’ అనునవి ఇప్పటికే స్థిరపడినవి కనుక వాటిని మార్చనక్కరలేదు.

రెండవది, ‘హిస్టారిక్’ అనే మాటకు మన భాషలోనే ‘చరిత్రకెక్కిన’ అనే చక్కని పలుకుబడి ఉన్నది. అది పామరులకును తెలియును. బిషప్పు పరిచర్య వంటి చోట్ల ‘పరంపరగా వచ్చిన’ అనవచ్చును. ‘చారిత్రాత్మక’ అనే రూపమును వేదాంత రచనలో విడిచిపెట్టుట మంచిది.

మూడవది, ‘హిస్టారికల్ జీసస్’ అనే మాటను ‘చారిత్రక యేసు’ అని ముక్కకు ముక్క పెట్టక, ‘చరిత్ర పరిశోధనకు అందిన మేరకు యేసు’ అని రాయవలెను. మాట పొడుగైనను ఇద్దరు యేసులను పుట్టించదు. కేలర్ క్రీస్తును ‘చరిత్రలో నేటికిని పని చేయుచున్న క్రీస్తు’ అనవచ్చును.

నాలుగవది, విద్యార్థులు తమ సిద్ధాంత వ్యాసములలో ఒక రచయిత అభిప్రాయమును తెలుగులో చెప్పునప్పుడు, ఆయన అడుగుచున్న ప్రశ్న ‘జరిగినదా?’ అనునదా, ‘నేడు దాని బలమేమి?’ అనునదా అని మొదట నిర్ణయించుకొని, ఆ తరువాత మాటను ఎన్నుకొనవలెను.

ముగింపు

బాప్తిస్మమునకు సిద్ధపడుచున్న యౌవనస్థుడు ‘అయ్యగారూ, ఇది నిజంగా జరిగిందా?’ అని అడిగినప్పుడు, అతడు జర్మన్ వేదాంతమును అడుగుట లేదు. ఎన్నో పుణ్యకథలు విని పెరిగిన వాడు, ఇదియు వాటిలో ఒకటియా అని అడుగుచున్నాడు. ‘ఇది చారిత్రాత్మకమైనది బాబూ’ అని జవాబిచ్చినయెడల అతని ప్రశ్న అట్లే మిగిలిపోవును. ‘జరిగింది. చూచినవారు చెప్పారు. ఆ లేచినవాడు నేటికీ పిలుస్తున్నాడు’ అని చెప్పినయెడల, మొదటి రెండు మాటలలో ‘హిస్టారికల్’ అనునదియు, మూడవ మాటలో ‘హిస్టారిక్’ అనునదియు వచ్చినవి. ఆంగ్ల పదము ఒక్కటియు పలుకనవసరము లేదు. ఆ క్రమమును తారుమారు చేయక, రెండింటిలో దేనిని విడువక ప్రకటించుట వాక్య పరిచారకులమైన మన బాధ్యత.